పసుపు డైసీ పొదల గందరగోళం: యూరియాప్స్‌ని ఎలా గుర్తుపడతారు, పెంపకంలో తేడా ఎక్కడొస్తుంది

నడుమెత్తు దాకా గుబురుగా పెరిగే పొద, చీలికలు చీలికలుగా ఆకులు, సన్నటి పొడుగు కాడ మీద ఒంటరిగా నిలబడే పసుపు పువ్వు, దాని మధ్యలో బొడ్డు కూడా పసుపే, ఇదీ యూరియాప్స్. చూడగానే నచ్చేస్తుంది, నర్సరీల్లో బాగానే కనబడుతుంది, కానీ పేరు అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. చీటీ మీద ఎల్లో డైసీ అనో, బుష్ డైసీ అనో, ప్యారిస్ డైసీ అనో ఉంటుంది, ఫోన్ యాప్‌తో ఫొటో తీస్తే ఒక కోణంలో యూరియాప్స్ అని, ఇంకో కోణంలో ఆర్గిరాంథెమమ్ అని, మరోసారి ఏకంగా చామంతి అని చూపిస్తుంది.

పేరేదైతే ఏంటి, పూలు పూస్తే చాలు కదా అనిపించొచ్చు. కానీ యూరియాప్స్ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యే రెండు రకాల సొంత ఊళ్ళు వేరు, అక్కడి వానలు వేరు. ఒకటి చలికాలంలో వానపడి ఎండాకాలమంతా పొడిగా ఉండే చోటు నుంచి వచ్చింది, రెండోది సరిగ్గా ఎండాకాలంలోనే వానలు పడే చోటు నుంచి వచ్చింది. ఒకదానికి హాయిగా సరిపోయే తడి ఇంకోదాని వేర్లు కుళ్ళబెట్టొచ్చు. అందుకే చేతిలో ఉన్నది ఏ రకమో తేలితే గానీ నీళ్ళ గురించి మాట్లాడుకోవడానికి అర్థం ఉండదు.

ముందు అసలు అది ఒక పువ్వు కాదు

డైసీ కుటుంబం అంటే ఆస్టరేసి, పాత పేరు కంపోజిటే, రెండు పేర్లూ ఇప్పటికీ చెల్లుతాయి. పొద్దుతిరుగుడు, చామంతి, బంతి అన్నీ ఇందులోవే, మొత్తం జాతులు పాతికవేలకు పైమాటే. ఈ కుటుంబంలో మనం పువ్వు అనుకునేది నిజానికి చాలా చిన్న చిన్న పువ్వులు ఒకే దిమ్మ మీద కిక్కిరిసి కూర్చున్న గుంపు. బయట రేకులా కనబడే ప్రతిదీ ఒక పువ్వే, వాటిని కిరణ పుష్పకాలు అంటారు. మధ్య బొడ్డులో కనబడే గొట్టాల్లాంటివి చక్ర పుష్పకాలు, అవి బయటి వరస నుంచి లోపలికి రోజుకి కొన్ని చొప్పున విచ్చుకుంటాయి, అందుకే ఈ పూలు అంత కాలం తాజాగా కనిపిస్తాయి.

ఈ గుంపు మొత్తాన్ని కింద నుంచి పట్టుకుని ఉండే ఆకుపచ్చ చిన్న ఆకులు ఉంటాయి. మామూలు పువ్వుకి రక్షక పత్రాలు ఎలాగో, ఇక్కడ గుంపుకి ఇవి అలాగ, పాఠ్యపుస్తకాల్లో వీటిని పరిచక్రపుచ్ఛావళి అని రాస్తారు, మనం వెనక ఆకులు అనుకుందాం. ఇక మూడో మాట పప్పస్, అదే కేశగుచ్ఛం. ప్రతి చిన్న పువ్వు అడుగున, గింజ తయారయ్యే భాగం తల మీద ఉండే సన్నటి వెంట్రుకలు అవి. గాలికి ఎగిరే గింజలకి ఉండే తెల్లటి కుచ్చు అదే. కొన్ని మొక్కల్లో అది పెద్దగా ఉంటుంది, కొన్నిటిలో త్వరగా రాలిపోతుంది, కొన్నిటిలో అసలుండదు.

పువ్వు మొహం మోసం చేస్తుంది, వీపు చెప్తుంది

ఫోన్ యాప్‌లు తడబడేది ఎక్కడంటే, మనందరం పువ్వుని ముందు నుంచే ఫొటో తీస్తాం. ఈ కుటుంబంలో ముందు నుంచి చూస్తే పసుపు కిరణాలు, పసుపు బొడ్డు ఉన్న మొక్కలు లెక్కలేనన్ని, ఆ ఫొటోలో తేడా తేల్చే సమాచారం ఉండదు. అదే పువ్వుని మెల్లగా తిప్పి వెనక చూస్తే కథ మారిపోతుంది.

యూరియాప్స్ అయితే వెనక ఆకులు ఒకే ఒక్క వరసలో, అన్నీ దాదాపు ఒకే సైజులో, అడుగు భాగంలో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. వేలితో ఒకదాన్ని లాగి చూస్తే కింద విడిగా రాదు, పక్కదాన్ని కూడా పట్టుకుని ఉంటుంది. ఇది ఈ మొక్క చేరిన సెనెసియోనీ అనే తెగ పోలిక, అందులోనూ అడుగున అతుక్కుని ఉండటం యూరియాప్స్‌లో స్పష్టంగా కనబడుతుంది.

ఆర్గిరాంథెమమ్ అయితే, అంటే కెనరీ దీవులు, మదీరా వైపు నుంచి వచ్చిన మార్గరెట్ డైసీలు, వీటిలో వెనక ఆకులు చాలా వరసలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, అంచులు పొడిబారిన కాగితంలా పల్చగా ఉంటాయి. చామంతి పువ్వుని తిప్పి చూసినా దాదాపు ఇదే అమరిక, ఎందుకంటే రెండూ ఒకే తెగవి. మార్గరెట్ డైసీలు తెల్లగానే ఉంటాయని చాలామంది అనుకుంటారు, కానీ జమైకా ప్రిమ్‌రోజ్ లాంటి పసుపు రకాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, యూరియాప్స్ అని పొరపడేది ఎక్కువగా అలాంటివాటితోనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుండీలో మోకాలెత్తు పొద, లేత పసుపు పూలు, సన్నగా చీలిన ఆకులు, చీటీ మీద యూరియాప్స్ అని ఉంది. పువ్వు తిప్పితే వెనక మూడు నాలుగు వరసలు, అంచులు గోధుమరంగు పొరలా ఉన్నాయి, ఆకు నలిపితే చామంతి వాసన ఛాయలు తగిలాయి. చీటీ ఏం చెప్పినా అది యూరియాప్స్ కాదు, ఆర్గిరాంథెమమ్ అనుకోవచ్చు. ఇందులో వాసన సాక్ష్యం బలహీనమైనది, ఒక్కొక్కరి ముక్కుకి ఒక్కోలా తగులుతుంది. వెనక ఆకుల వరసలు మాత్రం వాదనకి తావివ్వవు.

ఇంకొకటి. పువ్వు అరచేయంత ఉంది, పొద మనిషిని దాటి పోయింది, ఆకు పెద్దగా మూడు నుంచి ఐదు తమ్మెలుగా చీలి ఉంది. పువ్వు బొడ్డుని మధ్యకి చీల్చి చూస్తే చిన్న పువ్వుల మధ్య గట్టి పొలుసులు కనబడ్డాయి. అది టిథోనియా డైవర్సిఫోలియా, అంటే మెక్సికన్ సన్‌ఫ్లవర్, పొద్దుతిరుగుడుకి దగ్గరి చుట్టం. యూరియాప్స్ బొడ్డులో అలాంటి పొలుసులు ఉండవు.

బూడిదరంగు ఆకు, పచ్చ ఆకు

వెనక ఆకులు ఒకే వరసలో ఉన్నాయి, అతుక్కుని ఉన్నాయి, సరే, యూరియాప్స్ అని తేలింది. ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, సుమారు వంద జాతులున్నాయి, చాలా భాగం దక్షిణాఫ్రికావే, కొన్ని మాత్రం ఆఫ్రికా పైభాగం మీదుగా అరేబియా ద్వీపకల్పం దాకా ఉన్నాయి. తోటల్లోకి బాగా వచ్చినవి రెండు.

మొదటిది యూరియాప్స్ పెక్టినేటస్. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని ఒథొనా పెక్టినేటా అని రాశాడు, తర్వాత ఈ కుటుంబం మీదే ఎక్కువ పని చేసిన ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త కాసినీ దీన్ని యూరియాప్స్‌లోకి మార్చాడు. పుట్టిల్లు దక్షిణాఫ్రికా నైరుతి మూలనున్న వెస్టర్న్ కేప్‌లోని రాతి వాలులు. ఆకు దువ్వెనలా రెండు వైపులా సన్నగా చీలి ఉంటుంది, దాని మీద మెత్తటి తెల్లటి నూగు పరుచుకుని ఉండటం వల్ల మొక్కంతా బూడిదరంగులో కనిపిస్తుంది. మీటరు నుంచి మీటరున్నర దాకా పెరుగుతుంది, పువ్వు సుమారు 5 సెంటీమీటర్లు.

రెండోది యూరియాప్స్ క్రిసాంథిమాయిడిస్. ఇది అదే దేశపు తూర్పు వైపున్న ఈస్టర్న్ కేప్, క్వాజులు-నటాల్ ప్రాంతాల్లో అడవి అంచుల్లో, ఏటి ఒడ్డుల్లో, తీరం దగ్గరి పొదల్లో పెరుగుతుంది. ఆకు నున్నగా, నిగనిగలాడే పచ్చరంగులో ఉంటుంది, చీలికలు ఉంటాయి కానీ కొంచెం వెడల్పు. 1838లో స్విస్ వృక్షశాస్త్రవేత్త డి కండోల్ దీనికి గామోలెపిస్ క్రిసాంథిమాయిడిస్ అని పేరు పెట్టాడు, పాత తోటల పుస్తకాల్లో ఇంకా ఆ పేరే దొరుకుతుంది. 1968లో స్వీడన్‌కి చెందిన బెర్టిల్ నార్డెన్‌స్టామ్ యూరియాప్స్ మొత్తాన్ని మళ్ళీ పరిశీలించి రాసినప్పుడు దీన్ని ఇందులోకి తెచ్చాడు. అంతవరకూ ఇది వేరే ప్రజాతిలో ఉండటానికి ఒక కారణం పప్పస్, ఈ మొక్క గింజలకి ఆ వెంట్రుకలు ఉండవు.

మిగతావాటిలో రెండు పేర్లు చెప్పుకుని ముందుకెళ్దాం. యూరియాప్స్ వర్జినియస్ మూడు మీటర్ల దాకా నిటారుగా లేస్తుంది, ఆకులు చిట్టివి, పూలు కూడా చిట్టివి, తేనె వాసన. యూరియాప్స్ ఎక్రేయస్ డ్రాకెన్స్‌బర్గ్ కొండల మీది మరుగుజ్జు, వెండి రంగు ఆకులు, మిగతావాటికంటే చలికి బాగా ఓర్చుకుంటుంది.

విరిడిస్ అనే చీటీ మీద తగువు

బూడిద ఆకు అయితే పెక్టినేటస్, పచ్చ ఆకు అయితే క్రిసాంథిమాయిడిస్ అని తేల్చేస్తే బాగుండేది. కానీ యూరియాప్స్ పెక్టినేటస్ విరిడిస్ అని ఒక రకం ఉంది, దానికి నూగు ఉండదు, ఆకు పచ్చగానే ఉంటుంది. దీంతో ఆకు రంగు మీద పెట్టుకున్న నమ్మకం పోయింది.

దీని మీద రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. విరిడిస్ నిజంగా పెక్టినేటస్‌లోనే నూగు పోగొట్టుకున్న రూపం, ఎంపిక చేసి కటింగ్‌లతో, అంటే కొమ్మ ముక్కలు నాటి, పెంచుతూ వస్తున్నారు, కాబట్టి చీటీ సరైనదే అని కొందరు. ఆ పేరుతో అమ్మే మొక్కల్లో చాలా వరకూ అసలు క్రిసాంథిమాయిడిస్సే, ఎప్పుడో ఒకచోట చీటీ తప్పుపడి ఆ తప్పు కటింగ్‌లతో పాటు పాకింది అని ఇంకొందరు. రెండూ ఒకేసారి నిజమయ్యే వీలుంది, ఎందుకంటే చీటీ మీది పేరుకి తగ్గ రకం నిజంగా ఉందా లేదా అనేది ఒక ప్రశ్న, ఈ కుండీలో ఉన్నది అదేనా అనేది వేరే ప్రశ్న, ఈ రెండిటినీ కలిపేసే వాదనలు ఎంతసేపు నడిచినా ఎటూ తేలవు.

కుండీలో ఉన్నదాని సంగతి తేల్చడానికి పప్పస్ పనికొస్తుంది. పూర్తిగా విచ్చుకున్న పువ్వులోంచి ఒక చక్ర పుష్పకాన్ని సూదితో పైకి లాగి, భూతద్దం కింద అడుగున చూస్తే, పొట్టి వెంట్రుకలు కనబడితే పెక్టినేటస్ వైపు, అసలేమీ లేకుండా నున్నగా ఉంటే క్రిసాంథిమాయిడిస్ వైపు. యూరియాప్స్‌లో ఉన్న కాస్త పప్పస్ కూడా చాలా త్వరగా రాలిపోతుంది, అందుకే ఎండిన గింజ మీద వెంట్రుకలు లేవని చూసి తీర్పు చెప్పేస్తే తప్పయ్యే అవకాశం ఎక్కువ. తాజా పువ్వులో, అదీ ఒకటి రెండు కాకుండా కొన్ని పుష్పకాలు లాగి చూడటం నమ్మదగ్గది. నా మటుకు నాకు ఈ ఒక్క పరీక్ష తెలిస్తే చాలు, చీటీ మీద ఏం రాసుందన్న గొడవ సగం తగ్గిపోతుందనిపిస్తుంది.

పేరు కలిసింది, మొక్క కలవలేదు

క్రిసాంథిమాయిడిస్ అనే మాట ఇంకో చోట కూడా తగులుతుంది. క్రిసాంథిమాయిడిస్ మోనిలిఫెరా అని దక్షిణాఫ్రికాదే మరో పొద ఉంది, దాని రెండు రూపాల్ని బోన్‌సీడ్ అని, బీటూ బుష్ అని అంటారు, ఇప్పుడు చాలామంది దాన్ని ఆస్టియోస్పెర్మమ్ మోనిలిఫెరమ్ అని రాస్తున్నారు. ఇది కూడా పసుపు పూల డైసీ పొదే. తేడాలు మాత్రం సులువు. బోన్‌సీడ్‌లో రేకులు చాలా తక్కువ, మామూలుగా 5 నుంచి 8, బీటూ బుష్‌లో అంతకంటే ఎక్కువ, రెండిటిలోనూ ఆకు చీలి ఉండదు, అంచున కొద్దిగా పళ్ళు మాత్రం ఉంటాయి, అన్నిటికంటే ముఖ్యంగా దీనికి కండ ఉన్న గుండ్రటి కాయలు కాస్తాయి, పండితే నల్లబడతాయి. డైసీ కుటుంబంలో పండులాంటి కాయ చాలా అరుదు, అది కనబడితే ఇక యూరియాప్స్ అనే అనుమానమే అక్కర్లేదు.

ఇది తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమంటే, ఆస్ట్రేలియాలో ఇసుక దిబ్బలు కొట్టుకుపోకుండా 1946 నుంచి 1968 దాకా బీటూ బుష్‌ని కావాలనే నాటారు, ఇప్పుడు అది అక్కడ జాతీయ స్థాయిలో ప్రమాదకరమైన కలుపు మొక్కల జాబితాలో ఉంది. పక్షులు పళ్ళు తిని గింజల్ని దూరదూరాలకి చేరుస్తాయి. పేరు పోలిక చూసి ఒకదాని బదులు ఇంకోటి తెచ్చుకుంటే నష్టం మన కుండీతో ఆగదు.

వానలు ఏ కాలంలో పడతాయన్నదే పెంపకంలో అసలు తేడా

ఇప్పుడు పెంపకం దగ్గరికొద్దాం. వెస్టర్న్ కేప్‌లో వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం పొడి. పెక్టినేటస్ ఆకు మీది నూగు ఆ పొడి ఎండకి తగ్గ ఏర్పాటు, ఎండ వెలుగుని కొంత వెనక్కి కొడుతుంది, ఆకు ఉపరితలం దగ్గర గాలిని నిలిపి నీరు ఆవిరవడాన్ని తగ్గిస్తుంది. అదే నూగు ఉక్కపోతలో, పైనుంచి వాన పడే వేడి కాలంలో తడిని పట్టి ఉంచుతుంది, దాంతో ఆకుల మీద మచ్చలు, కింద కొమ్మలు ఎండిపోవడం మొదలవుతాయి. ఎండా వానా కలిసి వచ్చే చోట్ల ఈ మొక్క చలికాలమంతా అద్భుతంగా పూసి, వేడి వానల్లో ఉన్నట్టుండి దిగజారిపోయిందంటే దానికి ఇదో ముఖ్యమైన కారణం.

క్రిసాంథిమాయిడిస్ వచ్చింది ఎండాకాలంలో వానలు పడే తూర్పు వైపు నుంచి, పైగా అడవి అంచు మొక్క. అందువల్ల వేడిలో తడిని ఇది మెరుగ్గా తట్టుకుంటుంది, రోజులో కొంతసేపు నీడ పడినా సర్దుకుంటుంది, పూలు మాత్రం ఎండ ఎక్కువ తగిలిన వైపే ఎక్కువ వస్తాయి. అలాగని నీళ్ళు నిలిస్తే దీనికీ పడదు. రెండిటికీ నీరు దిగిపోయే మట్టి కావాలి, తేడా అంతా ఏ కాలంలో ఎంత తడిని ఓర్చుకుంటాయన్నదాంట్లోనే. చలి సంగతికొస్తే రెండూ తేలికపాటి మంచుని కొద్దిసేపు తట్టుకుంటాయి కానీ గట్టిగా గడ్డకట్టే చలిలో చివుళ్ళు మాడిపోతాయి.

వాడిపోయిన మొక్క దగ్గర చాలామంది చేసే లెక్క ఒకటి చూద్దాం. మధ్యాహ్నం ఆకులు వేలాడుతున్నాయి, వెంటనే నీళ్ళు పోశారు, సాయంత్రానికి తేరుకోలేదు, మళ్ళీ పోశారు, మర్నాటికి ఇంకా వేలాడింది. మట్టిలో వేలు రెండు అంగుళాలు దింపితే తడిగానే ఉంది. అంటే నీళ్ళు లేక వాడటం కాదు, నీళ్ళెక్కువై మట్టిలో గాలి ఆడక, వేర్లకి ఆక్సిజన్ అందక, అవి కుళ్ళి, చుట్టూ నీళ్ళున్నా పీల్చుకోలేని స్థితి. పైకి రెండు రకాల వాడుడూ అచ్చం ఒకేలా కనబడతాయి, మట్టి లోపలి తడి మాత్రమే తేడా చెప్తుంది. నిజంగా నీళ్ళు లేక వాడిన మొక్క అయితే నీళ్ళు పోసిన కొన్ని గంటల్లో నిలబడుతుంది.

ఎరువు విషయం కొంచెంలో చెప్పొచ్చు. నత్రజని ఎక్కువైతే మెత్తటి కొమ్మలు, పెద్ద ఆకులు, తక్కువ పూలు, ఆ మెత్తటి చివుళ్ళకి పేనుబంక తొందరగా పడుతుంది.

ఎంత కత్తిరించాలి అనే దాని మీద వాదన

పూలు కొమ్మ చివర్ల దగ్గర వస్తాయి, కాబట్టి చివర్లు ఎన్ని ఎక్కువుంటే పూలు అన్ని ఎక్కువ. లేత మొక్క చివుళ్ళు తుంచితే గుబురవుతుందనేది ఇందువల్లే, దీని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చేది పెద్దయిన పొద దగ్గర. కొన్నేళ్ళకి కింద ఆకులు రాలి, బోడి కొమ్మలు బయటపడి, పైన మాత్రం గొడుగు పట్టినట్టు అయిపోతుంది. మోడు దాకా కొట్టేస్తే మళ్ళీ చిగురిస్తుందని కొందరు ధైర్యంగా నరుకుతారు, నిజంగా చిగురించిన మొక్కలూ ఉన్నాయి. అలా నరికితే చచ్చిపోయిందని ఇంకొందరు అంటారు, అదీ నిజమే. ముదిరి బోడిగా అయిన కట్టెలో నిద్రపోతున్న మొగ్గలు తక్కువ, అవి ఉన్న చోట నరికితే చిగురు వస్తుంది, లేని చోట నరికితే రాదు. పచ్చ ఆకు మిగిలి ఉండేలా, పూత అయిపోయాక ప్రతి ఏడూ కొంచెం కొంచెం కత్తిరిస్తూ వస్తే ఈ జూదం ఆడాల్సిన పరిస్థితే రాదు.

ఎలా చూసుకున్నా ఇది చిరకాలం బతికే పొద కాదు, కొన్నేళ్ళకి మార్చుకోవడం మామూలే. అందుకే కటింగ్‌లు ముందే వేసి ఉంచుకునేవాళ్ళు తెలివైనవాళ్ళు. పూత లేని, సగం ముదిరిన 8 నుంచి 10 సెంటీమీటర్ల చివరి కొమ్మలు, కింద ఆకులు తీసేసి, ఇసుక కలిసిన మట్టిలో, తడి ఆరకుండా నిలవకుండా ఉంచితే కొన్ని వారాల్లో వేర్లు వస్తాయి. విరిడిస్ లాంటి ఎంపిక చేసిన రకాన్ని అచ్చంగా అలాగే నిలబెట్టాలంటే ఇదే దారి, గింజ నుంచి వచ్చినది తల్లిలాగే ఉంటుందన్న హామీ లేదు.

తోట దాటి బయటికి వెళ్తుందా

వాడిన పూలు తుంచేయడం అందం కోసమే అనుకుంటాం, క్రిసాంథిమాయిడిస్ విషయంలో దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ మొక్క గింజలు రాల్చి తనంతట తానే మొలుస్తుంది, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ తీరంలో తోటల నుంచి బయటపడి స్థిరపడింది. గింజకి పప్పస్ లేదు కాబట్టి గాలికి దూరం పోదు, అందుకే భయపడాల్సిన పని లేదని ఒక వాదన. ఒక్కసారిగా దూరం పోకపోయినా నీళ్ళ కాలవల్లో, పారేసిన కొమ్మల చెత్తతో పోతుంది, తీరంలో దొరికిన మొక్కలు అలా వచ్చినవే అయ్యుండొచ్చని ఎదుటి వాదన. వాతావరణం దాని పుట్టింటికి ఎంత దగ్గరగా ఉంటే రెండో వాదనకి అంత బలం.

ఇదే ప్రజాతిలో అమెరికాలోని అరిజోనాకి 1930ల్లో ఒక పొదని తెచ్చి నాటారు, నేల కోత ఆపుతుందని, పశువులకి మేత అవుతుందని. మేతగా పనికి రాలేదు, పైగా చుట్టూ ఉన్న గడ్డిని తోసేసి పాకింది. దాన్ని చాలా కాలం యూరియాప్స్ మల్టిఫిడస్ అని రాస్తూ వచ్చారు, తర్వాత పరిశీలిస్తే అది యూరియాప్స్ సబ్‌కార్నోసస్ అని తేలింది. పేరు తప్పుగా ఉన్నన్నాళ్ళూ దాని పుట్టింటి వివరాలు, దాని శత్రు పురుగుల వివరాలు వెతకాలనుకున్నవాళ్ళు వేరే మొక్క కాగితాలు చదువుతూ కూర్చోవాల్సి వస్తుంది.